నేను వండని ఒక్క పూట

వంటపనిలో నేను చేసిన తప్పులు చాలావరకు తిన్నవాళ్ళ కడుపుల్లోనే కలిసిపోయాయి. ఉప్పెక్కువైన చారు, అడుగంటిన పప్పు, పలుకు మిగిలిన అన్నం. తిట్టుకుని తిన్నారు, మర్నాటికి మరిచిపోయారు. మరిచిపోనిది ఒకటుంది. అది నేను వండిన పూట జరగలేదు. వండని పూట జరిగింది.

ఈ అమెరికాలో కేటరింగులు, ఫుడ్ ట్రక్కులు పెడుతున్న పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి "అంకుల్, మీ ఎక్స్‌పీరియన్స్ చెప్పండి" అంటారు. వాళ్ళకు కావలసింది చింతపండు కొలతలు. అవి ఎప్పుడో చెప్పేశాను. మిగిలింది ఇదే. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి, కనుక రాత నెమ్మది. ఒక పేజీ రాసేసరికి మెడ పట్టేస్తుంది. అందుకని అలంకారాలేమీ ఉండవు.

ఐసెలిన్ అనే ఊళ్ళో ఒక టూర్ కంపెనీ ఉండేది. పిల్లల దగ్గరికి ఆరునెలలకు వచ్చిన పెద్దవాళ్ళను పోగుచేసి, బస్సెక్కించి దేశం చూపించేది. పిల్లలకు సెలవు దొరకదు, పెద్దవాళ్ళకు ఇంట్లో పొద్దుపోదు. టికెట్లు పిల్లలు బుక్ చేసేవారు. కంపెనీ కాగితం మీద 'తెలుగు భోజనం మాతోనే వస్తుంది' అని పెద్దగా వేసేవారట. ఆ భోజనంతో వచ్చేవాణ్ణి నేను.

బస్సు కింద అరలో నా సామాను ఉండేది: రెండు పెద్ద కరెంటు కుక్కర్లు, ఒక గ్యాసు పొయ్యి, బియ్యం, కందిపప్పు, ఊరగాయ జాడీలు. తెల్లవారుజామున హోటల్ గదిలో, బాత్‌రూమ్ ఫ్యాను కింద కుక్కర్లు పెట్టి అన్నం వండేవాణ్ణి. గదిలో తాలింపు వేస్తే పైన అలారం మోగుతుంది, కనుక తాలింపు ముందురోజే ఏ పార్కులోనో వేసి డబ్బాలో దాచుకునేవాణ్ణి. ఏడేళ్ళు అలా గడిచాయి. నేను చూడని అమెరికా లేదు అంటారు. నేను చూసింది పార్కింగ్ స్థలాలు.

వడ్డనకు పావుగంట ముందు బస్సు తలుపు దగ్గర నిలబడి "ఆకులేశామండీ" అని కేకేసేవాణ్ణి. ఆకులేమీ లేవు, అట్ట ప్లేట్లే. పెళ్ళి వంటలకు తిరిగిన రోజుల్లో పట్టుకున్న అలవాటు. ఆ కేక వినగానే కొందరు చేతులు కడుక్కునేవారు, కొందరు మాత్రలు తీసేవారు.

ఆ ట్రిప్పులో రాజమండ్రి వైపు పెద్దాయన ఒకరు భార్యతో వచ్చారు. రైల్వేలో గార్డుగా రిటైరయ్యారు. అమ్మాయి, అల్లుడు ఇక్కడే బాతెల్ అనే ఊళ్ళో ఉంటారు. ఆయనకు షుగరు, భోజనానికి ముందు ఇన్సులిన్ సూది. మొదటి రోజే నన్ను పక్కకు పిలిచారు.

"ఏమయ్యా, నువ్వు ఆకులేశామంటే పావుగంటలో మెతుకు నోట్లో పడుతుందా?"

"పడుతుందండి."

"ఖాయమేనా? నేను ఒకసారి పొడుచుకున్నానంటే వెనక్కి తీయలేను."

"పావుగంట దాటితే నా పేరు మార్చుకుంటానండి."

"పేరెందుకులే. టైము చాలు."

అప్పటినుంచి ఆయన సూది నా కేక మీద నడిచింది. నేను కేకేస్తే చొక్కా ఎత్తి పొడుచుకునేవారు, పావుగంటకు పళ్ళెం ముందు కూర్చునేవారు. నాలుగు రోజులు ఒక్క నిమిషం తేడా రాలేదు. నాకు అది గర్వంగా కూడా ఉండేది.

ఐదోరోజు లాస్ వేగాస్‌కు వెళ్తున్నాం. మా మేనేజరు వరంగల్ అబ్బాయి. ఇక్కడే ఎమ్మెస్ చేసి, ఉద్యోగం దొరక్క కొన్నాళ్ళు తిరిగి, ఈ పనిలోకి వచ్చాడు. నన్ను బాబాయ్ అనేవాడు. నా పక్క సీట్లోకి వచ్చి కూర్చున్నాడు.

"బాబాయ్, ఇయ్యాల నీకు రెస్ట్. లంచ్ హోటల్‌ల బఫే బుక్ చేసిన."

"అందరికీనా?"

"అందరికీ. నీకు గూడ. ఒక్కరోజన్న టేబుల్ మీద కూసొని తిను."

"ఎందుకు?"

"ఓనర్ ట్రై చేయమన్నడు. ఈళ్ళకు నచ్చితే నెక్స్ట్ సీజన్‌ల మొత్తం హోటల్సే. ఈ కుక్కర్లు, గ్యాసు, పర్మిషన్లు, పరేషాన్ అంత పోతది."

"దాంతోపాటు నేనూ పోతానా?"

"అట్ల అంటలే బాబాయ్. చూద్దాం."

చూద్దాం అంటే ఏమిటో నాకు అప్పటికి బాగా తెలుసు. యాభై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగాయి. పోనీ ఏ రెస్టారెంటులోనైనా చేరదామంటే అక్కడ ఆర్డరు చీటీ మీద అచ్చై వస్తుంది. చీటీ చదవలేనివాడు పొయ్యి దగ్గర నిలబడలేడు. రెండుచోట్ల చేరి, రెండుచోట్లా వారం తిరక్కుండా బయటికొచ్చినవాణ్ణి. బస్సు వంటకు చీటీ అక్కర్లేదు. నాకు ఈ దేశంలో మిగిలిన చోటు అదొక్కటే.

ఆ హోటల్లో భోజనాల హాలు మా ఊరి సినిమా హాలంత ఉంది. మంచుగడ్డల మీద ఎర్రటి పీత కాళ్ళు కట్టెల మోపులా పేర్చారు. ఒకచోట మాంసం ముద్దను దీపం కింద పెట్టి కోస్తున్నారు. జపాను వంట, చైనా వంట, ఇటలీ వంట, ఒక మూల మన నాన్ కూడా. తీపి పదార్థాలకే వేరే గది. ప్రతి గిన్నె ముందూ చిన్న అట్టముక్క, దాని మీద పేరు. వాటి మధ్య మావాళ్ళు స్వెట్టర్లు వేసుకుని, భుజాన సంచులతో, పీతలకు ఫోటోలు తీస్తూ తిరిగారు. ఒకావిడ పెరుగు ఎక్కడ అని నలుగురిని తెలుగులోనే అడిగింది.

లోపలికి రాకముందు తలుపు దగ్గర వరుసలో నిలబడి ఉండగా గార్డుగారు నన్ను అడిగారు. "ఏమయ్యా, ఇవాళ కేక లేదేం? ఆకులేసినట్టేనా?"

తొంగిచూశాను. గిన్నెలన్నీ నిండుగా ఉన్నాయి. "వేసినట్టేనండి. కానివ్వండి" అన్నాను. ఆయన గోడవైపు తిరిగి సూది వేసుకున్నారు. ఇది నేను చూశాను. గుర్తుంచుకోండి.

నేను ఖాళీ పళ్ళెం పట్టుకుని గిన్నెల వెంట నడిచాను. ఇంకొకడు వండింది వడ్డించుకోవడం నాకు అలవాటు లేదు. చారులాంటి ఎర్రటి సూపు దగ్గర ఒక వంటాయన ఉన్నాడు, మెక్సికో మనిషిలా ఉన్నాడు, నా వయసే. నా ముంజేతి మీద కాలిన మచ్చలు చూశాడు. తన చొక్కా చేయి పైకి మడిచి తన మచ్చలు చూపించాడు. ఇద్దరం నవ్వాం. గరిటెతో కొంచెం సూపు చిన్న గిన్నెలో పోసి ఇచ్చాడు. తాగాను. టమాటాలు, చిక్కుళ్ళు, ఏదో ఆకు. మంచి చెయ్యి. వెజిటబుల్ అన్నాడు. అట్టముక్క మీద గీసి ఉన్న పచ్చ ఆకు బొమ్మను వేలితో తట్టి చూపించాడు. అక్షరం రానివాడికి కూడా అర్థమయ్యే గుర్తు. నాకు అర్థమైంది.

టేబుళ్ళ దగ్గరికి వచ్చేసరికి మావాళ్ళంతా సంతోషంగా ఉన్నారు. గార్డుగారి భార్య "ఇన్ని రకాలు ఒక్కచోట ఎక్కడ చూస్తామండీ" అంటోంది. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మేనేజరు చెయ్యి పట్టుకుని, "మంచిగున్నది బిడ్డా. ఇగ రోజు ఇట్లనే పెట్టియ్" అంది. మేనేజరు నావైపు చూసి నవ్వాడు. పాపం, చెడ్డ నవ్వేమీ కాదు. ఇక నా పని అయిపోయినట్టే అనుకున్నాను.

అప్పుడే గార్డుగారి భార్య నన్నే అడిగింది. "మీరు వంట తెలిసినవారు. ఇందులో మేం తినదగ్గవి ఏవో కాస్త చెప్పండి. ఆ అట్టముక్కల మీద రాసింది మాకు అంతుపట్టడం లేదు."

మా ట్రిప్పులో సగంమంది శాకాహారులు. వాళ్ళ నమ్మకం నాకు తెలుసు, భయం కూడా తెలుసు. ఏళ్ళ తరబడి వాళ్ళకు వండినవాణ్ణి. ఎక్కడ నొక్కితే పళ్ళెం వదిలేస్తారో నాకంటే బాగా తెలిసినవాడు ఆ హాల్లో లేడు.

గొంతు తగ్గించి చెప్పాను. "ఆ సూపులో ఎముకలు ఉడికించిన నీళ్ళు పోస్తారమ్మా. రుచి దాన్నించే వస్తుంది." పక్క టేబులుకు వెళ్ళి, ఆలుగడ్డలు చేపలు వేగిన నూనెలో తీస్తారని చెప్పాను. అన్నిటికీ ఒకటే గరిటె తిప్పుతారన్నాను. పండ్లు కూడా మాంసం కోసిన కత్తితోనే కోస్తారన్నాను. నాలుగు టేబుళ్ళూ తిరిగాను, మేలు కోరేవాడిలా, ఎవరికీ చెప్పవద్దన్నట్టు.

ఒక్కొక్క పళ్ళెం ముందుకు జరిగింది. గార్డుగారి చెంచా అప్పుడే నోటిదాకా వెళ్ళింది. దించేశారు. కాగితం తీసుకుని నాలుక తుడుచుకున్నారు.

"ఎముకలా?"

"అవునండి."

"నువ్వు చెప్పావంటే అంతే" అని పళ్ళెం జరిపి చేతులు కట్టుకున్నారు. "నీ దగ్గర పెరుగూ అన్నం ఏమైనా పడుతుందా?"

"ఎంతసేపండి, ఇప్పుడే పెట్టేస్తాను" అన్నాను.

ఆ క్షణంలో నాకు సూది గుర్తు లేదు. ఎలా గుర్తు లేకుండా పోయిందని తర్వాత చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. గెలిచినవాడికి ఏదీ గుర్తుండదు, అంతే.

మేనేజరుకు చెప్పాను, వీళ్ళకు ఇక్కడి తిండి పడటం లేదు, వండుతానని. అతను తల పట్టుకుని, "సరే వండు బాబాయ్, నేను మేనేజ్‌మెంట్‌తోని మాట్లాడి వస్త" అని పై అంతస్తుకు వెళ్ళాడు. నేను బస్సు దగ్గరికి వెళ్ళాను. డ్రైవరుతో అర తీయించి, కుక్కరు దింపి, నింపాదిగా బియ్యం కడిగాను. నా జీవితంలో అంత ప్రేమగా బియ్యం కడిగిన రోజు లేదు. అరగంట పైనే అయుంటుంది. కరీంనగర్ పెద్దావిడ చెప్పుల్లేకుండా పార్కింగ్‌లోకి వచ్చింది.

"ఓ వంటాయనా, జెల్ది రా. ఆ గార్డు సారు ఎట్లనో చేస్తుండు."

చేతిలో తడి బియ్యం అలాగే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది.

గార్డుగారి చొక్కా మొత్తం చెమటతో తడిసి ఒంటికి అంటుకుంది. చేతులు వణుకుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నా మమ్మల్ని చూడటం లేదు. "లైన్ క్లియర్ రాలేదు, బండి కదలకూడదు" అంటున్నారు, ఇంకా రైలు డ్యూటీలో ఉన్నట్టు. భార్య ఆరెంజ్ జ్యూస్ గ్లాసు పెదాలకు ఆనిస్తే పళ్ళు బిగించేశారు. చేత్తో తోసేస్తే సగం ఆమె చీర మీద ఒలికింది.

"తాగండి, మీకు దండం పెడతాను. షుగరు పడిపోయిందండీ."

"ఒకే కత్తి. ఒకే చేతులు. వంటాయన చెప్పాడు." తెలివి పోతున్నా ఆ మాట మాత్రం పోలేదు.

ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. సూపు వంటాయన తన గిన్నె వదిలేసి ఇంకో గ్లాసుతో పరుగెత్తుకొచ్చాడు. నేను మోకాళ్ళ మీద కూలబడ్డాను. లేవలేనని తెలిసే కూలబడ్డాను.

"అబద్ధం చెప్పానండి. కత్తీ లేదు, ఎముకలూ లేవు. తాగండి."

ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. నేను గట్టిగా చెప్పాను, చుట్టూ అందరూ వినేట్టు. "నా పని పోతుందని చెప్పాను. అంతా అబద్ధం. చూడండి, నేను తాగుతున్నాను." గ్లాసు ఎత్తి గుటక వేశాను. వేశాక గార్డుగారి భార్య మొహం చూసి తెలిసింది ఏం చేశానో. ఎంగిలి చేశాను. బాగున్నప్పుడే ముట్టని మనిషి, ఇప్పుడెలా ముడతాడు? సూపు వంటాయన ఇదేమీ తెలియకపోయినా మూడో గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

చెప్పడానికి ఇంకేం మిగల్లేదు. అప్పుడు ఎందుకు చేశానో తెలియదు. ఆ హాలు మధ్య, పీతలూ దీపాలూ ఉన్నచోట, నాకున్న గొంతంతా పెట్టి కేకేశాను.

"ఆకులేశామండీ."

హాలంతా మావైపు తిరిగింది. గార్డుగారి తల ఊగడం ఆగింది. నావైపు చూశారో లేదో చెప్పలేను. నోరు తెరిచారు. గ్లాసు ఆనించాను. గుటక పడింది. ఇంకొకటి పడింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా అలాగే పట్టుకున్నాను.

అంబులెన్సు వాళ్ళు వచ్చి వేలు గుచ్చి చూసేసరికి ఆయన తెలివిలోకి వచ్చారు. ఏదైనా తినిపించండి అన్నారు. గార్డుగారు నన్ను చూడలేదు. ఆ ఎర్రటి సూపే తెమ్మన్నారు, రొట్టెముక్క ముంచుకుని అడుగుదాకా తిన్నారు. సూపు వంటాయన నా చంక కింద చేయి వేసి లేపాడు. నేనేదో మేలు చేశాననుకుని వీపు తట్టాడు. అతని కుండ మీద నేనేం చెప్పానో అతనికి తెలియదు. చెప్పడానికి నాకు భాష లేదు. ఉన్నా చెప్పేవాణ్ణా అంటే, ఏమో. ఒక వంటవాడు ఇంకో వంటవాడి కుండ మీద అబద్ధం చెప్పకూడదు. మా పనిలో అంతకంటే నీచం లేదు.

మేనేజరు కిందికి వచ్చేసరికి అంతా సద్దుమణిగింది. ఏమైందని అడిగాడు. అందరూ నావైపు చూశారు. కరీంనగర్ పెద్దావిడే చెప్పింది. "ఏంలే బిడ్డా. ఆయన తినలే, అందుకే కళ్ళు తిరిగినయ్."

తర్వాత బస్సు మెట్ల దగ్గర నాతో అంది. "నీ మీద పాపం అనిపించి చెప్పకుండ ఉన్ననని అనుకోకు. నిన్ను ఎల్లగొడితే రేపటి సంది మాకు చారు ఎవడు పోస్తడు?"

మేనేజరు తనకు తోచిన లెక్క వేసుకున్నాడు. పెద్దవాళ్ళకు బఫే సరిపడదు, మనిషి పడిపోయేదాకా వచ్చింది, వంటమనిషి లేకుండా బస్సు కదలకూడదు అని ఓనరుకు చెప్పాడు. "నీ పని సేఫ్ బాబాయ్" అని సంతోషంగా నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీసి నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. మరో నాలుగేళ్ళు ఆ ఉద్యోగపు కూడే తిన్నాను.

తర్వాత మోరిస్‌విల్ అనే ఊరికి వచ్చేశాను. ఇక్కడ ఆదివారం పిల్లలకు తెలుగు క్లాసు పెడితే, ఉప్మా చేసిపెట్టడానికి వెళ్ళేవాణ్ణి. టీచరమ్మ వెనక బెంచీ మీద కూర్చోమంది. ఆరేళ్ళ పిల్లల మధ్య పలక పట్టాను. ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాలు కూడా కూడబలుక్కోవడం వచ్చింది. ఆ ట్రిప్పు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో నేనింకా ఉన్నాను. ఒకరోజు పాత ఫోటోలు వెనక్కి జరుపుతుంటే ఆ సూపు గిన్నె కనబడింది, ముందు అట్టముక్కతో సహా. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. ఎముకలు లేవు. కొత్తగా తెలిసిందేమీ లేదు. ఆకు బొమ్మ ఆరోజే చెప్పింది.

ఆ బఫే రోజు సాయంత్రం బస్సులో గార్డుగారి సీటు దగ్గరికి వెళ్ళాను. క్షమించమని అడగడం నాకు ఎప్పుడూ రాదు. ఆయనే అన్నారు.

"ముప్పై ఏళ్ళు పచ్చజెండా ఊపానయ్యా. పచ్చ చూపించాక ఎర్ర చూపిస్తే బండి అక్కడికక్కడ ఆగదు. ఆగడానికి దూరం కావాలి. అది నీకు తెలియదా?"

"తెలుసండి."

"తెలిసీ చూపించావు." అంతే అన్నారు. కిటికీవైపు తిరిగారు.

ట్రిప్పులో ఇంకా మూడు రోజులున్నాయి. నేను ఎప్పటిలాగే కేకేసేవాణ్ణి. అందరూ లేచేవారు, చేతులు కడుక్కునేవారు. గార్డుగారు మాత్రం నా కేకకు కదిలేవారు కాదు, సూది తీసేవారు కాదు. ఆఖరి రోజు ఎయిర్‌పోర్టు దగ్గర పార్కింగ్‌లో పెరుగన్నం పెట్టాను. కేకేసి, పావుగంట కాకుండానే ఆయన డబ్బా నేనే తీసుకెళ్ళి చేతికిచ్చాను. ఆయన మూత తీసి చూశారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగారు. ఇంకొకటి మింగారు. ఆ తర్వాత డబ్బా భార్యకు పట్టుకోమని ఇచ్చి, జేబులోంచి సూది తీశారు.